రష్యా పనే అన్నారు, నమ్మాలా? డీఎన్‌సీ హ్యాకింగ్ ఫైలు

నా పని చొరబాట్ల దర్యాప్తు. సర్వర్లోకి ఎవరో దూరారని తెలిశాక మమ్మల్ని పిలుస్తారు. లాగ్‌లు (సర్వర్ తనలో జరిగింది రాసుకునే చిట్టాలు) తీసి, డిస్క్ ఇమేజ్‌లు (డిస్క్ మొత్తానికి అచ్చు నకళ్లు) తీసి, ఎలా వచ్చారో, ఏం పట్టుకుపోయారో రాసివ్వాలి. అందరూ మొట్టమొదట అడిగేదీ, మేం అన్నిటికంటే ఆఖర్న చెప్పగలిగేదీ ఒక్కటే: "ఎవరు చేశారు?"

ఆ ప్రశ్నకు ప్రభుత్వాలు జవాబు చెప్పినప్పుడు ఎంతవరకు నమ్మొచ్చో తేల్చుకోవడానికి ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకున్నాను. కేసుకు కొన్ని పేజీలు. ప్రభుత్వం మాట తప్ప వేరే ఆధారం లేని విషయాన్ని పెన్సిల్‌తో రాస్తాను. ప్రభుత్వంతో సంబంధం లేని దారిలో కూడా సరిచూడగలిగితే దాని మీదే పెన్నుతో దిద్దుతాను. ఎక్కువ పేజీలు తినేసింది 2016లో అమెరికాలో జరిగిన డెమోక్రటిక్ నేషనల్ కమిటీ, అంటే డెమోక్రటిక్ పార్టీని నడిపే డీఎన్‌సీ హ్యాకింగ్. అక్కడి మెయిళ్లను, రహస్య పత్రాలు ప్రచురించే వికీలీక్స్ అధ్యక్ష ఎన్నికల ముందు బయటపెట్టింది. కొత్తగా చేరినవాళ్లకు నేర్పడానికి కూడా దీన్నే వాడతాను. ఇది రష్యా పనే అని కొందరు, కాదు లోపలి మనిషి లీక్ అని కొందరు, దీని మీద జనం ఎప్పుడో రెండు జట్లుగా విడిపోయారు. ఎవరు పట్టిన కుందేలుకు వాళ్ల లెక్కలో మూడే కాళ్లు. తేదీలవారీగా చూస్తే మాత్రం కథ ఏ జట్టుకూ పూర్తిగా కలిసిరాదు.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఒక కంపెనీలో చొరబాటు చూశాను. దొరికిన మాల్‌వేర్‌లో (చొరబాటుకు వాడే సాఫ్ట్‌వేర్‌లో) రాసినవాడు పెట్టుకున్న కామెంట్లు ఒక విదేశీ భాషలో ఉన్నాయి. రిపోర్టులో ధీమాగా ఆ దేశం పేరు రాసేశాను. మూడు వారాల తర్వాత తేలిందేమిటంటే, ఆ మాల్‌వేర్ ఎవరైనా డబ్బు పెట్టి కొనుక్కోగలిగే సరుకు. లోపలికి వచ్చినవాడు ఉద్యోగం మానేసిన మనిషి. బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రావడానికి అతనికిచ్చిన వీపీఎన్ అకౌంట్‌ను ఎవరూ మూసెయ్యలేదు, అంతే. రిపోర్టు వెనక్కి తీసుకుని మళ్లీ రాశాను. భాష చూసి దేశం పేరు రాయడం ఆ రోజుతో మానేశాను.

ఒక్క వాక్యంలో ఐదు మాటలు

2016 అక్టోబర్ 7న అమెరికా జాతీయ నిఘా డైరెక్టర్ కార్యాలయం, హోంలాండ్ సెక్యూరిటీ శాఖ కలిసి ఒక ప్రకటన ఇచ్చాయి. అమెరికన్ వ్యక్తులు, సంస్థల మెయిళ్ల మీద ఇటీవల జరిగిన చొరబాట్లను రష్యా ప్రభుత్వమే చేయించిందని తమకు నమ్మకంగా ఉందని అందులో చెప్పాయి. పత్రికల్లో అది ఒకే వార్తగా వచ్చింది. నోట్‌బుక్‌లో మాత్రం దాన్ని ఐదు గడులుగా విడగొట్టాను. చొరబాటు నిజంగా జరిగిందా? ఏ ముఠా చేసింది? ఆ ముఠా వెనక ప్రభుత్వం ఉందా? దొంగిలించిన చేతులే బయటపెట్టాయా? పై నుంచి ఎవరు, ఏ ఉద్దేశంతో చెయ్యమన్నారు?

ఈ ఐదింటికీ ఆధారాలు వేరు. మొదటిది లాగ్‌లు చూస్తే తేలిపోతుంది. రెండోదానికి ఆ ముఠా పాత కేసులు తెలిసి ఉండాలి. మూడోదానికి మామూలుగా నిఘా సమాచారం కావాలి. ఐదోది తెలియాలంటే అవతలివాళ్ల గదిలో చెవి ఉండాలి. ఒక గడిలో దొరికిన రుజువును ఇంకో గడికి అప్పివ్వడం మొదలుపెడితే మొత్తం లెక్క చెడుతుంది. టీవీ చర్చల్లో రోజూ జరిగేది అదే.

ఆ ప్రకటనలోని ఇంకో పేరా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కొన్ని రాష్ట్రాల ఎన్నికల వ్యవస్థలను ఎవరో తడిమి చూశారనీ, చాలావరకు అది రష్యన్ కంపెనీ నడిపే సర్వర్ల నుంచే వచ్చిందనీ, అయినా దాన్ని రష్యా ప్రభుత్వానికి అంటగట్టే స్థితిలో ఇప్పుడు లేమనీ అందులో ఉంది. నాకు నమ్మకం కలిగించింది నిజానికి ఈ పేరానే. కట్టుకథ అల్లేవాడైతే అదే ఊపులో ఇది కూడా కలిపేసేవాడు. చేతిలో ఉన్నంతవరకే చెప్పి ఆగినట్టు కనిపించింది కాబట్టి ప్రకటనలోని మిగతా భాగానికి కాస్త బరువు పెంచాను.

జూన్ నెల

కథ బయటపడింది 2016 జూన్ 14న. క్రౌడ్‌స్ట్రైక్ అనే ప్రైవేటు కంపెనీ డీఎన్‌సీ నెట్‌వర్క్‌లో రెండు ముఠాలను గుర్తించానంది. ఒకటి 2015 వేసవి నుంచే తిష్ఠ వేసిన కోజీ బేర్, రెండోది 2016 ఏప్రిల్‌లో దూరిన ఫ్యాన్సీ బేర్. రష్యా ముఠాలకు 'ఎలుగుబంటి' అని పేరు పెట్టడం ఆ కంపెనీ అలవాటు. అంటే పేరులోనే తీర్పు ఉంది. నోట్‌బుక్‌లో నేను ఆ పేర్లు రాయను, మొదటిదాన్ని 'ఏ' అనీ రెండోదాన్ని 'బీ' అనీ రాస్తాను. చిన్న విషయంలా అనిపిస్తుంది. కానీ పేరు పదిసార్లు రాశాక మన బుర్ర దాన్ని రుజువు కింద లెక్కేసుకుంటుంది.

డీఎన్‌సీ డబ్బిచ్చి పెట్టుకున్న కంపెనీ కాబట్టి దాని మాటొక్కటే చాలదు. కొద్ది రోజుల్లోనే ఫిడెలిస్, మాండియంట్ అనే వేరే కంపెనీలు అవే మాల్‌వేర్ నమూనాలను చూసి, ఆ ముఠాల పాత సరుకుతో సరిపోతున్నాయన్నాయి. అంతకంటే గట్టిది ఇంకొకటి. 'బీ' ముఠా మాల్‌వేర్ లోపలే రాసిపెట్టి ఉన్న ఒక ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో ఒక కంప్యూటర్ చిరునామా), 2015లో జర్మనీ పార్లమెంటు మీద జరిగిన దాడిలో కనిపించిన అడ్రస్ ఒకటే. ఆ సర్వర్‌లో లోపం ఉంది, వేరేవాళ్లు కూడా ఆక్రమించి ఉండొచ్చు అని అభ్యంతరం చెప్పినవాళ్లున్నారు. న్యాయమైన అభ్యంతరమే. అయినా మొదటి గడిని పెన్నుతో దిద్దాను. రెండో గడి సగం దిద్దాను.

జూన్ 15న గుచ్చిఫర్ 2.0 అనే పేరుతో ఒకడు ప్రత్యక్షమయ్యాడు. హ్యాకింగ్ తనొక్కడి పనే అన్నాడు, డీఎన్‌సీ పత్రాలు కొన్ని పెట్టాడు. తర్వాత రొమేనియావాణ్ణని చెప్పుకున్నాడు. ఆ పత్రాలు దించుకుని ఆ రాత్రే తెరిచాను. ఒక ఫైలు ప్రాపర్టీస్‌లో, చివరగా మార్చినవారి పేరు దగ్గర రష్యన్ లిపిలో 'ఫెలిక్స్ ఎడ్మండోవిచ్' అని ఉంది. సోవియట్ రహస్య పోలీసు వ్యవస్థను స్థాపించిన జెర్జిన్‌స్కీ పేరు అది. ఇంకోచోట పనిచెయ్యని లింకుల దగ్గర వర్డ్ చూపించే ఎర్రర్ సందేశం రష్యన్‌లో పడి ఉంది.

సంబరపడాల్సిన క్షణం. నాకు మాత్రం పాత రిపోర్టు గుర్తొచ్చింది. నిఘా విభాగంలో పనిచేసేవాడు తన సంస్థాపకుడి పేరు కంప్యూటర్‌కు పెట్టుకుంటాడా? పెట్టుకోవచ్చు, తమాషాకి. ఇంకెవరో కావాలనే పెట్టి ఉండొచ్చు కూడా. సీఐఏ దగ్గరి నుంచి బయటికొచ్చి 2017 మార్చిలో వికీలీక్స్ పెట్టిన ఫైళ్లలో 'మార్బుల్' అనే ఉపకరణం ఉంది. మాల్‌వేర్‌లోని పదాలను కనబడకుండా చేసేందుకు తయారుచేసింది. దాన్ని పరీక్షించే ఉదాహరణల్లో చైనీస్, రష్యన్, కొరియన్, అరబిక్, ఫార్సీ ముక్కలున్నాయి. భాషతో బురిడీ కొట్టించారనడానికి అది రుజువు కాదు కానీ, భాషను నమ్ముకోవద్దని చెప్పడానికి చాలు. కాబట్టి ఫెలిక్స్‌గారికి సున్నా మార్కులు. లింకుల ఎర్రర్ సందేశానికి కొంచెం, ఎందుకంటే అది ఎవరూ టైపు చేసింది కాదు, సాఫ్ట్‌వేర్ తనంతట తాను వదిలింది.

ఎక్కువ మార్కులు పడ్డది వేరేదానికి. ఒక విలేఖరి గుచ్చిఫర్‌తో చాటింగ్‌లో రొమేనియన్ భాషలో మాట కలిపితే అతను తడబడ్డాడు. రొమేనియన్ రానంత మాత్రాన రష్యావాడని కాదు. కానీ తానెవరో దాచుకుంటున్నాడని, ఆ వేషం హడావుడిగా వేసుకున్నదని అర్థమైంది. 'బీ' ముఠాకు ముసుగులు కొత్త కాదు. 2015 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ టీవీ5మోండ్ చానల్‌ను ఆపేసినప్పుడు తెర మీద 'సైబర్ ఖలీఫా' అనే ఇస్లామిక్ స్టేట్ ముసుగు కనిపించింది. తవ్వితే లోపల దొరికింది 'బీ' ముఠాయే.

దస్తావేజు నాసిరకం

ప్రభుత్వం మాటకు మార్కులు బాగా తగ్గించిన రోజు 2016 డిసెంబర్ 29. ఒబామా ప్రభుత్వం 35 మంది రష్యన్ దౌత్య ఉద్యోగులను వెళ్లగొట్టింది. అదేరోజు హోంలాండ్ సెక్యూరిటీ, ఎఫ్‌బీఐ కలిసి 'గ్రిజ్లీ స్టెప్' పేరుతో 13 పేజీల నివేదిక, దానితోపాటు ఐపీ అడ్రస్‌ల జాబితా విడుదల చేశాయి. రుజువులొచ్చాయని అందరూ ఎగబడ్డారు. తీరా చూస్తే, రష్యా నిఘా సంస్థలకున్న మారుపేర్లంటూ ఇచ్చిన పట్టికలో ముఠాల పేర్లు, మాల్‌వేర్ పేర్లు, 'పవర్‌షెల్ బ్యాక్‌డోర్' లాంటి సాధారణ పద్ధతుల పేర్లు అన్నీ కలిపి కొట్టారు. దొంగల జాబితాలో మనుషుల పేర్ల మధ్య 'గునపం' అని కూడా రాసినట్టుంది. జాబితాలోని అడ్రస్‌లలో పెద్ద వాటా, వాడేవాళ్లెవరో దాచే టోర్ నెట్‌వర్క్ నుంచి బయటికొచ్చే ద్వారాలే. ఎవరైనా వాడుకోగలిగినవి.

ఆ వారమే ఒక క్లయింట్ దగ్గరి నుంచి ఫోన్. వాళ్ల ఐటీ మేనేజర్ ఆ జాబితాను తమ లాగ్‌లతో పోల్చి చూశారట. "సార్, పద్నాలుగు తగిలాయి. రష్యావాళ్లు మా సర్వర్లో ఉన్నారంటారా? ఎండీగారికి ఏం చెప్పమంటారు?" అని ఒకటే టెన్షన్. రాత్రంతా కూర్చుని ఒక్కొక్కటీ చూశాను. పదకొండు టోర్ ద్వారాలు. మిగతా మూడూ మామూలు మెయిల్ సర్వీసులవి, ఉద్యోగులు తమ సొంత మెయిల్ చూసుకున్నవి. తెల్లారాక ఆయనకు చెబితే, "మరి ప్రభుత్వం ఇచ్చిన జాబితా కదండీ" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఇదే పొరపాటు వెర్మాంట్ రాష్ట్రంలో జాతీయ వార్త అయింది. డిసెంబర్ 30న వాషింగ్టన్ పోస్ట్ పత్రిక, రష్యన్ హ్యాకర్లు అక్కడి విద్యుత్ సంస్థ ద్వారా అమెరికా గ్రిడ్‌లోకి చొరబడ్డారని రాసింది. తీరా తేలింది, బర్లింగ్టన్ ఎలక్ట్రిక్‌లో ఒకే ఒక్క ల్యాప్‌టాప్, అదీ గ్రిడ్‌కు కలపనిది. ఒక ఉద్యోగి తన యాహూ మెయిల్ చూసుకుంటుంటే జాబితాలోని ఒక అడ్రస్ తగిలింది. పత్రిక సవరణ వేసుకుంది. గ్రిడ్‌లోకి ఎవరూ రాలేదు.

ఆరోజు నోట్‌బుక్‌లో రాసుకున్నది: "దస్తావేజు నాసిరకం. అసలు మాట మారలేదు." ఈ రెండిటినీ విడదీయడమే నాకు కష్టమనిపించింది. చెత్త నివేదిక చూసి కోపమొస్తుంది, ఆ కోపంలో అసలు ఆరోపణే అబద్ధమనిపిస్తుంది. కానీ జూన్‌లో దొరికిన ఆధారాలు డిసెంబర్‌లో ఎవరో సరిగ్గా రాయనందుకు ఆవిరైపోవు.

2017 జనవరి 6న వచ్చిన నిఘా అంచనా నివేదిక కూడా అంతంతమాత్రమే. బయటికిచ్చిన ప్రతిలో తీర్మానాలున్నాయి, ఆధారాలు లేవు. రష్యా ప్రభుత్వ టీవీ చానల్ ఆర్‌టీ గురించి అనుబంధంగా పెట్టిన విశ్లేషణ 2012 నాటిది. అందులో నాకు పనికొచ్చినవి రెండు. 'హై కాన్ఫిడెన్స్' అంటే అది నిజమని రూఢి అయినట్టు కాదు, తప్పు కూడా కావచ్చు అని నివేదిక వాళ్లే చివర్లో రాసుకున్నారు. ఇక ట్రంప్‌ను గెలిపించాలన్న ఆశ పుతిన్‌కు ఉందన్న ఒక్క అంశంలో సీఐఏ, ఎఫ్‌బీఐ 'హై' అంటే, ఫోన్, ఇంటర్నెట్ సంకేతాలు వినే నిఘా సంస్థ ఎన్ఎస్ఏ 'మోడరేట్' (మధ్యస్థం) దగ్గర ఆగింది. లోపల భిన్నాభిప్రాయం ఉందని బయటపెట్టుకున్నారంటే కనీసం ఆ మేరకు నిజాయితీ. ఐదో గడిని మాత్రం పెన్సిల్‌తోనే, అదీ లేతగా రాశాను. 2025 జూలైలో సీఐఏ విడుదల చేసిన అంతర్గత సమీక్ష కూడా వేలు పెట్టింది ఆ 'హై' మీదే.

ఆధారాలు ఎందుకు దాస్తారు

"రుజువు ఉంటే చూపించొచ్చు కదా" అనేది సహజమైన ప్రశ్న. అడగాల్సిందే కూడా. వియత్నాం తీరంలోని టాంకిన్ గల్ఫ్‌లో 1964 ఆగస్టు 4న అమెరికా ఓడల మీద రెండో దాడి జరిగిందన్నారు, జరగలేదని ఎన్ఎస్ఏ సొంత చరిత్రకారుడే రాసిన అధ్యయనం 2005లో బయటికొచ్చింది. 2003 ఫిబ్రవరి 5న అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కాలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితిలో ఇరాక్ ఆయుధాల గురించి అంత వివరంగా చెప్పారు, ఆయుధాలు దొరకలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అనిపించిన సందర్భాలివి.

అయితే అవతలి వైపు కూడా ఉంది. డచ్ నిఘా సంస్థ ఏఐవీడీ 2014లోనే 'ఏ' ముఠా నెట్‌వర్క్‌లోకి దూరిందనీ, వాళ్లు పనిచేసే గది బయటి సీసీ కెమెరాను కూడా చూడగలిగిందనీ, 2018 జనవరిలో నెదర్లాండ్స్ పత్రిక ఒకటి, టీవీ కార్యక్రమం ఒకటి కలిసి బయటపెట్టాయి. వచ్చిపోయేవాళ్ల ముఖాలు కనిపిస్తున్న కెమెరా ఉంటే, "మాకిలా తెలిసింది" అని ఎవరు చెబుతారు? చెప్పిన మర్నాడు ఆ కెమెరా ఉండదు.

కాబట్టి దాచడం అటూ ఇటూ రుజువు కాదు. నేను చూసేది వేరే. ఇరాక్ విషయంలో పై నుంచి ఆ జవాబే కావాలని ఒత్తిడి ఉంది, జవాబూ అలాగే వచ్చింది. ఇక్కడ ఒబామా ప్రభుత్వానికీ అలాంటి అవసరం ఉందనుకుందాం, ఎందుకంటే నష్టపోయింది వాళ్ల పార్టీయే. కానీ 2018లో అభియోగాలు మోపింది ట్రంప్ ప్రభుత్వపు న్యాయశాఖ. ట్రంప్‌కు ఆ మాటంటేనే గిట్టదు. 2020లో నిఘా అంచనాను సమర్థిస్తూ నివేదిక ఇచ్చిన సెనేట్ కమిటీలో ఆధిక్యం రిపబ్లికన్లదే. తనకు నష్టం తెచ్చే మాటను కూడా ఎవరైనా అన్నారంటే దానికి బరువు ఎక్కువ.

22.7

సందేహవాదుల వాదనల్లో ఎక్కువగా తిరిగింది ఒక అంకె. గుచ్చిఫర్ 2016 సెప్టెంబర్‌లో బయటపెట్టిన ఒక ఫైళ్ల మూటలో టైమ్‌స్టాంపులు (ఫైళ్ల మీద పడే సమయం ముద్రలు) చూస్తే, జూలై 5న సెకనుకు దాదాపు 22.7 మెగాబైట్ల వేగంతో కాపీ అయినట్టు తేలింది. ఇంటర్నెట్ మీద అంత వేగం రాదు, పెన్‌డ్రైవ్‌లోకే కాపీ చేసి ఉండాలి, అంటే ఇది హ్యాకింగ్ కాదు, లోపలి మనిషి చేసిన లీక్ అని 2017లో కొందరు మాజీ నిఘా అధికారులు వాదించారు.

లెక్క తప్పు కాదు. అంతవరకు మెచ్చుకోవాల్సిందే, వాళ్లు అంకె చూపించారు. తప్పు దాన్నుంచి లాగిన తీర్పులో ఉంది. శిక్షణలో దీన్ని చేసి చూపిస్తాను. ఒక ఫోల్డర్ ఇస్తాను. దాన్ని ల్యాప్‌టాప్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి, అక్కడి నుంచి వేరే మెషీన్‌లోకి కాపీ చెయ్యమంటాను, మధ్యలో టైమ్‌జోన్ మార్చమంటాను. ఆపైన చివరి ప్రతిని ఇంకొకరికి ఇచ్చి "దొంగతనం ఎప్పుడు, ఎక్కడ జరిగింది?" అని అడుగుతాను. ఒకసారి ఒకమ్మాయి ఐదు నిమిషాలు చూసి, "సార్, ఇందులో తెలిసేది చివరిసారి ఎవరు సర్దుకున్నారన్నదే కదా?" అంది. అంతే. ఆ టైమ్‌స్టాంపు చెప్పేది చివరి కాపీ గురించి. పైగా అద్దెకు తీసుకున్న సర్వర్ల మధ్య సెకనుకు 22.7 మెగాబైట్లు పెద్ద వేగమేమీ కాదు. దొంగలు అమెరికాలోనే, అరిజోనాలో, ఇల్లినాయ్‌లో కంప్యూటర్లు అద్దెకు తీసుకున్నారని తర్వాత అభియోగపత్రం చెప్పింది. ఇంకో మాట, ఆ మూట వికీలీక్స్ ప్రచురించిన మెయిళ్లు కావు.

ఎఫ్‌బీఐ అసలు సర్వర్లను తన చేతుల్లోకి తీసుకోలేదన్నది ఇంకో అభ్యంతరం. నిజమే, క్రౌడ్‌స్ట్రైక్ తీసిన ఇమేజ్‌లు, నివేదికల మీద ఆధారపడింది. మా పనిలో ఇమేజ్ చాలు, ఆన్‌లో ఉన్న మెషీన్ పెట్టెను మోసుకుపోతే మెమరీలో ఉన్నది పోతుంది కూడా. అయినా ఇంత పెద్ద కేసులో ఆ ఇమేజ్‌లను స్వయంగా తీసుకోకపోవడం నాకిప్పటికీ నచ్చని విషయమే. 2020 మేలో బయటికొచ్చిన వాంగ్మూలంలో క్రౌడ్‌స్ట్రైక్ అధికారి, డీఎన్‌సీ నుంచి ఫైళ్లు తరలించడానికి మూటకట్టిన ఆనవాళ్లున్నాయి గానీ బయటికి వెళ్తుండగా నేరుగా చూసిన ఆధారం తమ దగ్గర లేదన్నారు. ఇందులో వింతేమీ లేదు, దొంగ బస్తా కట్టిన గుర్తులు దొరికి, గేటు దాటిన ఫొటో దొరకని కేసులే నావి చాలావరకు. కానీ ఆ మాట 2016లోనే చెప్పి ఉంటే బాగుండేది.

జూలై 13

2018 జూలై 13న, రష్యా జోక్యంపై దర్యాప్తుకు నియమించిన ప్రత్యేక న్యాయవాది రాబర్ట్ మ్యూలర్ బృందం రష్యా సైనిక నిఘా సంస్థ జీఆర్‌యూకు చెందిన 12 మంది అధికారుల మీద అభియోగపత్రం దాఖలు చేసింది. యూనిట్ 26165 దొంగిలించిందనీ, యూనిట్ 74455 బయటపెట్టడంలో సాయపడిందనీ పేర్లతో, హోదాలతో సహా రాశారు. రెండేళ్లుగా 'నమ్మండి' అన్న ప్రభుత్వం మొదటిసారి పట్టుబడే అవకాశమిచ్చింది.

పట్టుబడే అవకాశం అంటే ఏమిటో ఒక పేరా చూపిస్తాను. 2016 జూన్ 15న మాస్కో సమయం సాయంత్రం 4:19కి, 4:56కి మధ్య, 74455 నడిపే సర్వర్ నుంచి ఎవరో కొన్ని ఇంగ్లిష్ పదబంధాలను ఇంటర్నెట్‌లో వెతికారని అందులో ఉంది. 'కొన్ని వందల షీట్లు', 'ఇల్యూమినాటి', 'ప్రపంచమంతా ఎరిగిన' అనే అర్థాలొచ్చే మాటలు. ఇంగ్లిష్ సరిగా రానివాడు తన వాక్యం సరిగా ఉందో లేదో చూసుకుంటున్నట్టుంది. 7:02కి గుచ్చిఫర్ మొదటి పోస్టు వచ్చింది. ఆ మాటలన్నీ అందులో ఉన్నాయి. ఆ పోస్టు 2016లో నేను దించుకున్న ప్రతుల్లోనే ఉంది, తీసి ఒక్కో మాట కింద గీత పెట్టుకున్నాను. వెతికిన సంగతి వాళ్లకెలా తెలిసిందో చెప్పలేదు. ఆ భాగం నాకిప్పటికీ పెన్సిలే.

పెన్నుతో దిద్దించింది బిట్‌కాయిన్. నేరస్థులు సర్వర్లకు, డొమైన్లకు డబ్బు కట్టడానికి బిట్‌కాయిన్ వాడారు. దాని లెక్కల పుస్తకాన్ని, అంటే బ్లాక్‌చైన్‌ను, ప్రపంచంలో ఎవరైనా తెరిచి చూడొచ్చు. 2016 ఫిబ్రవరి 1 ప్రాంతంలో, సరిగ్గా 0.026043 బిట్‌కాయిన్ ఒక అడ్రస్‌కు పంపమని వాళ్ల మెయిల్‌కు సూచన వచ్చిందనీ, కాసేపటికే అంతే మొత్తం బ్లాక్‌చైన్‌లో పడిందనీ అభియోగపత్రం చెప్పింది. ఆరు దశాంశాల అంకె. ఆ రోజు లావాదేవీల్లో వెతికితే ఉంది. ప్రభుత్వాన్ని నమ్మాల్సిన పనిలేదు, నమ్మకూడదనుకున్నవాళ్లు కూడా చూసుకోవచ్చు. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ఒకే కుప్పలోని బిట్‌కాయిన్‌తో దొంగిలించిన వాటిని పంచిన 'డీసీలీక్స్' వెబ్‌సైట్ డొమైన్‌కూ, ఇతర సరంజామాకూ కట్టారని కూడా రాశారు.

అదే ఏడాది అక్టోబర్ 4న డచ్ అధికారులు ఇంకో గుప్పెడు కుమ్మరించారు. హేగ్‌లో రసాయన ఆయుధ నిషేధ సంస్థ పక్కన కారు డిక్కీలో వైఫై పరికరాలతో ఏప్రిల్‌లో నలుగురు రష్యన్లు దొరికారు. ఒకడి జేబులో ట్యాక్సీ రసీదు: మాస్కోలో జీఆర్‌యూ స్థావరం పక్క సందు నుంచి విమానాశ్రయానికి. ఖర్చులు రాసుకుని డబ్బు వసూలు చేసుకోవాలి కదా, ఏ ప్రభుత్వ ఉద్యోగికైనా తప్పని తిప్పలు! వాళ్లలో ఇద్దరు యూనిట్ 26165 వాళ్లని అమెరికా ఆ రోజే వేరే అభియోగపత్రంలో చెప్పింది. వేరే దేశం, వేరే కేసు, అదే యూనిట్. మూడో గడి అప్పుడు దిద్దాను.

పక్క పేజీల్లోంచి

సోనీ పిక్చర్స్ మీద 2014లో దాడి జరిగినప్పుడు ఎఫ్‌బీఐ డిసెంబర్ 19న ఉత్తర కొరియా పేరు చెబితే, నేను వెక్కిరించినవాళ్లలో ఒకణ్ణి. 2018లో 179 పేజీల ఫిర్యాదు వచ్చింది, ఒకే మెయిల్ అకౌంట్లు, ఒకే మెషీన్లు ఎన్ని దాడుల్లో కనిపించాయో చూపిస్తూ. అది చదివి నా పాత రాతల పక్కన 'తప్పు' అని రాసుకున్నాను.

ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నికల్లో మాక్రాన్ ప్రచార మెయిళ్లు 2017 మే 5న బయటికొచ్చినప్పుడు ఫ్రాన్స్ సైబర్ సంస్థ అధిపతి, ఇది ఎవరైనా చెయ్యగలిగినంత మామూలు దాడి, ఫలానావాళ్లదనే జాడ దొరకలేదన్నారు. 2020 అక్టోబర్‌లో అమెరికా 74455 వాళ్ల మీద అభియోగం మోపింది. 2025 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ కూడా జీఆర్‌యూ ముఠా పేరు చెప్పింది. ఎనిమిదేళ్లు. ముందు చెప్పనందుకు వాళ్లమీద నాకు గౌరవం తగ్గలేదు, పెరిగింది.

దీనికి పూర్తిగా ఎదురు 2020 అక్టోబర్ 19 నాటి లేఖ. అప్పటి అధ్యక్ష అభ్యర్థి జో బైడెన్ కొడుకు హంటర్ బైడెన్ ల్యాప్‌టాప్ మెయిళ్లలో రష్యా సమాచార ఆపరేషన్ లక్షణాలన్నీ ఉన్నాయని 51 మంది మాజీ నిఘా అధికారులు సంతకాలు పెట్టారు. రష్యా ప్రమేయానికి తమ దగ్గర రుజువు లేదని ఆ లేఖలోనే రాశారు. ఆ ముక్కను ఎవరూ చదవలేదు, చదివించే ఉద్దేశమూ పెద్దగా కనిపించదు. 2024 జూన్‌లో డెలావేర్ కోర్టు విచారణలో ప్రాసిక్యూషన్ అదే ల్యాప్‌టాప్‌ను సాక్ష్యంగా పెట్టింది. ఇక్కడ ఒక్క గడిలోనూ ఆధారం లేదు. ఉన్నదల్లా సంతకాల వెనక ఉన్న పాత హోదాలే. 2016 కేసులో ఎవరు ఎన్ని తప్పులు చేసినా, కనీసం ఒక ఐపీ అడ్రస్, ఒక నమూనా, ఒక అంకె బల్లమీద పడ్డాయి.

నాలుగో గడి

ఇక మిగిలింది దొంగిలించిన చేతుల నుంచి వికీలీక్స్ దాకా వెళ్లిన దారి. హిల్లరీ క్లింటన్‌కు సంబంధించిన మెయిళ్లు వస్తున్నాయని వికీలీక్స్ స్థాపకుడు అసాంజ్ జూన్ 12న చెప్పాడు. అంటే గుచ్చిఫర్ కనిపించడానికి మూడు రోజుల ముందే. అభియోగపత్రం ప్రకారం గుచ్చిఫర్ ఒక ఎన్‌క్రిప్టెడ్ అటాచ్‌మెంట్ పంపింది జూలై 14న. దాదాపు ఒక గిగాబైట్ మూట అందిందని 'ఆర్గనైజేషన్ 1' (అభియోగపత్రం వికీలీక్స్‌కు పెట్టిన పేరు) జూలై 18న చెప్పింది. జూలై 22న దాదాపు 20 వేల మెయిళ్లు బయటపడ్డాయి. వరస బాగానే కుదిరింది, జూన్ 12 తప్ప. అంతకుముందే ఇంకేదైనా అందిందా, వేరే దారిలో వచ్చిందా అన్నది అందులో లేదు. వేసవిలో వచ్చిపోయిన మధ్యవర్తుల ద్వారా కూడా పత్రాలు చేరి ఉండొచ్చన్న అవకాశాన్ని కొట్టిపారెయ్యలేమని 2019 ఏప్రిల్‌లో విడుదలైన మ్యూలర్ నివేదికే ఒప్పుకుంది.

ఆ 12 మందిలో ఒక్కరూ కోర్టు మెట్లెక్కలేదు. అంటే ఏ డిఫెన్స్ లాయరూ ఈ ఆధారాల మీద క్రాస్ ఎగ్జామినేషన్ చెయ్యలేదు, ఆ సర్వర్ లాగ్ ఎక్కడిదని ఎవరూ నిలదీయలేదు. జూలై 14 నుంచి 22 వరకు ఉన్న వరసను పెన్నుతో దిద్దకుండానే ఉంచాను, పక్కన 'జూన్ 12?' అని రాసి.